మునిరత్నం ముట్టని చేదు

తిరుత్తణి వెళ్ళొచ్చానంటే మావాళ్ళందరూ ప్రసాదం కోసం చెయ్యి చాపారు. కొండెక్కిన మాట నిజమే, విబూది పొట్లం తెచ్చిన మాటా నిజమే. కానీ నేను బయల్దేరింది ఒక గ్లాసు బీరు వెనకాల. ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మీకు ముందే చెప్పేస్తున్నాను.

నేను బెంగుళూరులో ఉంటాను. మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలుంటాయే, ఎవరూ చదవనివి, వాటిని తెలుగులోకి మార్చడం నా ఉద్యోగం. శనివారం సాయంత్రం ఒక గ్లాసు బీరు నా విలాసం. పోయిన చలికాలంలో మా వీధి చివరి బార్‌లో ఇండియా పేల్ ఏల్ అనే రకం కొత్తగా పోశారు. హాప్స్ అనే ఒక తీగపువ్వుని మామూలుకన్నా బాగా ఎక్కువ వేసి చేసే బీరు అది. ఆ పువ్వు వల్లే వాసన, ఆ పువ్వు వల్లే చేదు. పాతకాలంలో ఇంగ్లండు నుంచి మన దేశానికి ఓడల్లో వచ్చే బీరు దారిలో చెడిపోకుండా ఆ పువ్వు దట్టించేవారనీ, అందుకే మన దేశం పేరు దానికి అంటుకుందనీ చెబుతారు. ఈ రకం అంతకుముందు వేరే చోట్ల చాలా తాగాను. ఇది మాత్రం వేరుగా ఉంది. చేదు గొంతు దిగాక, దాని వెనక మెల్లగా ఏదో తీపి లాంటిది వచ్చింది. గ్లాసు కింద పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఎక్కడిదని అడిగితే తిరువళ్ళూరు దగ్గర ఒక చిన్న బీరు ఫ్యాక్టరీదన్నారు. చేసేవాడు మీ తెలుగువాడేనని నంబరిచ్చారు. పేరు మునిరత్నం.

ఫోన్ చేసి, మీ బీరు రుచి గురించి మాట్లాడాలన్నాను. అవతల కాస్త ఆగి, "రుచి గురించి నేనేం చెప్పేది సార్. మా ఇంటికి రాండి. తిరుత్తణిలో ఉండాము. ఇంట్లో మాట్లాడుకుందాము" అన్నాడు.

అరక్కోణంలో పొరపాటు

అరక్కోణంలో దిగి తిరుత్తణి బండి మారాలి. ఎదురుగా ఆగి ఉన్న లోకల్ ఎక్కి దర్జాగా కూర్చున్నాను. అది మద్రాసు వైపు పోయేదని మూడు స్టేషన్లు దాటాక తెలిసింది. తిరువాలంగాడులో దిగిపోయాను. బయట బస్సులున్నాయి గానీ బోర్డులన్నీ తమిళంలో. నేను బోర్డు వంకా, నా పక్కన నిలబడ్డ కాలేజీ పిల్ల నా వంకా చూస్తున్నాం.

"యాడికి పోవాల సార్?" అంది.

తిరుత్తణి అన్నాను. మీది తెలుగేనా అంటే, "ఇంట్లో తెలుగే. మాట్లాడను వస్తుంది, చదవను రాదు. మా తాత చదువుతాడు. మేమంతా తమిళమే" అంది. నేను తెలుగు చదివి బతుకుతాననీ, తమిళం ముక్క రాదనీ చెప్పాను. "అయితే మనిద్దరం కలిస్తేనే ఒక ఆళు, ఒక మనిషి" అని నవ్వి, నన్ను సరైన బస్సెక్కించి కండక్టరుకి అప్పజెప్పింది.

దారి పొడుగునా చెరుకు, వరి, నడుమ నడుమ మల్లెతోటలు. మా వీధిలో పూలు తూకం వేసి అమ్ముతారు. ఇక్కడ బస్టాండులో మోచేతి నుంచి వేలి కొసదాకా మూరేసి అమ్ముతున్నారు. పొట్టివాళ్ళ దగ్గర కొనకూడదేమో అనుకున్నాను. టిఫిన్ మాత్రం చవక. పొంగలి, వడ, ఇత్తడి గిన్నెలో పొగలు కక్కే కాఫీ కలిపి బెంగుళూరులో ఒక్క కాఫీ ధరకి వచ్చేశాయి.

తిరుత్తణిలో ఉస్తికాయల పులుసు

మునిరత్నానికి యాభై దాటి ఉంటాయి. బక్కపల్చటి మనిషి. ముక్కు మాత్రం నిండుగా ఉంది. ఆయన భార్య ధనభాగ్యం తలకి తువ్వాలు చుట్టుకుని గడపలోనే తుమ్ముతూ ఎదురొచ్చింది.

"మూడు దినాలుగా పడిశెం అన్నా. ముక్కు అడచుకోనుండాది. వంటలో ఉప్పు కారం ఎట్లుంటే అట్ల తినల్ల" అంది.

అరిటాకులో అన్నం, ఉస్తికాయల పులుసు, అప్పడం. బఠాణీ గింజంత చిన్న కాయలు, మజ్జిగలో నానేసి ఎండబెట్టి, నూనెలో వేయించి పులుసులో వేస్తారు. నోట్లో పగలగానే చేదు. తర్వాత ముద్దకి ఆ చేదే మళ్ళీ కావాలనిపిస్తుంది. ఈ చేదు మీ బీరులో ఉందని చటుక్కున అన్నాను.

మునిరత్నం భార్య వైపు చూశాడు. ఆమె వడ్డించడం ఆపి, "కరెక్టా చెప్పినాడు చూడు" అంది.

"చేదులు మూడు రకాలన్నా" అని తనే చెప్పింది. "కాకరకాయ చేదు అట్ల వచ్చి ఇట్ల పోతుంది. వేపాకు చేదు ఎక్కి కూచుంటుంది, దిగదు. ఉస్తికాయది వస్తుంది, ఉంటుంది, పోతా పోతా నోరు తీపి చేసి పోతుంది. మా బీరుకు అది రావల్ల."

ఆవిడ 'మా బీరు' అనడం నాకు వింతగా తోచింది. మునిరత్నాన్ని అడిగాను: "మీకు ఏది ఇష్టం? చేదు ఎక్కువా, వాసన ఎక్కువా?"

"నేను దాన్ని తాగలేదు సార్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఒక్క చుక్క కూడా. ఆ బీరు ఎట్లుంటుందో నాకు తెల్దు."

కొండమెట్ల మీద

ఎండ తగ్గాక కొండకి తీసుకెళ్ళాడు. ఏడాదిలో ఎన్ని రోజులో అన్ని మెట్లంటారు. నేను పది మెట్లకోసారి ఆగుతుంటే ఆయన కూడా ఆగుతూ, ఆగినప్పుడల్లా కొంచెం కొంచెంగా చెప్పాడు. చందనం పూసిన గుండ్లతో పిల్లలూ పెద్దలూ మమ్మల్ని దాటి దిగుతున్నారు.

ఇరవై రెండేళ్ళకి ఒక పెద్ద బీరు ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగే పనికి చేరాడట. వాసన చూసి ఏ ట్యాంకులో ఏం తేడా ఉందో చెప్పేవాడు. అది చూసి పై పని నేర్పారు. పనితో పాటు తాగుడూ వచ్చింది. మొదట రుచి చూడడానికి, తర్వాత ఊరికే, తర్వాత పొద్దున లేవగానే. ఉద్యోగం పోయింది. భార్య పూండి దగ్గర తోటల్లో కూలికి వెళ్ళి ఇల్లు నడిపింది. ఒకరోజు పట్టపగలు, బజారులో, బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వెనక కూర్చున్న కూతురికి చెయ్యి విరిగింది.

"ఆ బిడ్డ ఏడవలే సార్. నా తట్టు చూసింది, అంతే" అన్నాడు.

కట్లు విప్పిన వారానికి ఈ కొండెక్కి గుండు కొట్టించుకుని, ఇక ముట్టనని మొక్కాడు. అది జరిగి నాలుగేళ్ళు. పాత పరిచయం మీద సెల్వం అనే ఆయన వచ్చి, చిన్న ఫ్యాక్టరీ పెడుతున్నాను, నీ ముక్కు కావాలన్నాడు. మునిరత్నం వద్దన్నాడు. ధనభాగ్యం వెళ్ళమంది, కానీ ఒక షరతు పెట్టింది.

"ఆయప్ప నోట్లో చుక్క పడకూడదు. రుచి చూడాలంటే నన్ను పిలవండి అనింది. మొదలాళి నవ్వినాడు. ఇప్పుడు నవ్వడు" అన్నాడు. ఆయప్ప అంటే ఆయనే, మొదలాళి అంటే అక్కడ యజమాని.

అంటే ఆ బీరుకి వాసన ఈయనది, నాలుక ఆమెది. ప్రతి ట్యాంకుకీ ఆమె తిరుత్తణి నుంచి రైలెక్కి వెళ్ళి, స్టీలు లోటాలో రెండు గుక్కలు తాగి, వంటింటి మాటల్లో చెబుతుంది. ఆయన వాటిని పువ్వుగానూ వేడిగానూ రోజులుగానూ మార్చుకుంటాడు.

"రేపు ఒక ట్యాంకు తేల్చాల. ఆయమ్మకేమో పడిశెం" అని దిగులుగా అన్నాడు. "మొదలాళి మీరొస్తా ఉండారని విని, బెంగుళూరు సారునే చెప్పమను అంటా ఉండాడు."

నాకు లోలోపల సంతోషం వేసిందని ఒప్పుకోవాలి. మిగిలిన మెట్లు ఆగకుండా ఎక్కాను.

తిరువళ్ళూరు దాటి

మర్నాడు పొద్దున ముగ్గురం రైల్లో తిరువళ్ళూరు వెళ్ళి, అక్కణ్ణుంచి పూండి రోడ్డులో ఆటోలో కొంత దూరం పోయాం. బీరు ఫ్యాక్టరీ అంటే నేను ఏదో ఊహించుకున్నాను. చూస్తే రైసుమిల్లంత షెడ్డు, అందులో ఆరు స్టీలు ట్యాంకులు. తడి నేల, ఉడికిన జొన్నల లాంటి వాసన. ఇక్కడ చేసినదంతా పక్క రాష్ట్రాలకే పోతుంది, ఈ చుట్టుపక్కల ఎవరూ తాగరు. ఆటో అతను మమ్మల్ని దింపుతూ అది పాలడెయిరీ అనే చెప్పాడు.

మునిరత్నం ఒక డబ్బా తెరిచి చూపించాడు. లోపల పశువుల దాణాలా పచ్చటి గుళికలు. ఆ తీగపువ్వుని ఎండబెట్టి అలా అదిమి పంపుతారట. రెండు గుళికలు అరచేతిలో నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు. బత్తాయి తొక్క, మామిడి సొన, అప్పుడే చిత్రిక పట్టిన చెక్క. మూడూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

"తొందరపడొద్దండి. ఇంకోటి ఉండాది లోపల" అన్నాడు. ఎంత పీల్చినా ఆ నాలుగోది నాకు దొరకలేదు.

తర్వాత ట్యాంకు నుంచి గ్లాసులోకి పట్టి ఇచ్చాడు. చింతపండుతో తోమిన ఇత్తడి రంగు. పైన తెల్లటి నురగ. నేను వెలుతురుకి ఎత్తి చూశాను, తిప్పాను, పీల్చాను, తాగాను. తెలిసిన మాటలన్నీ వాడాను. బత్తాయి అన్నాను, పైరుగాలి అన్నాను, చివరికి అద్భుతం అన్నాను. సెల్వంగారికి ఫోన్ కలిపి ఇస్తే ఆయనకీ అదే చెప్పాను. ఆయన ఉత్సాహంగా, "సరి సార్, రొంబ థ్యాంక్స్. అయితే మజ్జాన్నం నుంచే పీపాల్లో నింపమంటాను. రేపు లారీ" అన్నారు.

ఫోన్ పెట్టేసి చూస్తే మునిరత్నం అదే గ్లాసు పట్టుకుని వాసన చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. గ్లాసుని రెండు చేతుల్లో పొదువుకుని వెచ్చబెట్టి మళ్ళీ చూశాడు.

"ఏదో ఉండాది" అన్నాడు.

"ఏముంది?"

"ఉండాదా లేదా అని తెలీడంలే. ఉంటే వెన్న మాదిరి. నోట్లో పెట్టుకుంటేనే తెలుస్తుంది."

గ్లాసు పెదవులకి బెత్తెడు దూరంలో ఉంది. ఆయన చెయ్యి కదల్లేదు, దించనూ లేదు. అక్కడ పనిచేసే ఇద్దరూ గొట్టాలు కడగడం ఆపారు. నేను ఆ గొట్టాల వంక చూస్తూ నిలబడ్డాను. అద్భుతం అన్నవాణ్ణి నేనే కదా.

ధనభాగ్యం వచ్చి గ్లాసు అందుకుంది. లాక్కోలేదు. పసిబిడ్డని ఒకరి చేతిలో నుంచి ఇంకొకరు తీసుకున్నట్టు తీసుకుంది.

"నాకు వాసన తెలీదయ్యా ఈ పొద్దు" అంది భర్తతో. "వాసన నువ్వు చెప్పు. నాలిక్కి తెలిసింది నేను చెప్తా."

ఒక గుక్క తాగి నోట్లో అటూ ఇటూ తిప్పింది. మింగింది. ఇంకో గుక్క.

"చేదు బాగుండాది. ఉస్తికాయే. కానీ…" అని నాలుకని పైదవడకి రాసింది. "జారతా ఉండాది. నెయ్యి తిన్నంక నీళ్ళు తాగితే ఎట్లుంటుంది, అట్ల."

మునిరత్నం ముఖం మారింది. "జారతా ఉండాదా? కరెక్టా?"

"జారతా ఉండాది."

వేడినీళ్ళలో గ్లాసు

తర్వాత జరిగింది నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను. అదే ట్యాంకు బీరుని మూతలున్న రెండు గ్లాసుల్లో పట్టాడు. ఒకటి బల్ల మీద పెట్టాడు. ఇంకోటి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టాడు.  ధనభాగ్యం తుమ్ముతూ మిరియాల పాలు తాగింది. అరగంటయ్యాక ఆ గ్లాసుని చన్నీళ్ళలో చల్లార్చి, మూత తీసి నాకిచ్చాడు.

ముక్కు దగ్గరికి తీసుకెళ్ళక ముందే తెలిసింది. సినిమా హాల్లో మొక్కజొన్న పేలాల డబ్బా తెరిచినట్టు, ఒకటే వెన్న వాసన. బత్తాయి లేదు, చెక్క లేదు. బల్ల మీది గ్లాసు పీల్చాను. ఇప్పుడు అందులోనూ ఉంది, సన్నగా. ఇందాక నేను తాగినప్పుడు కూడా ఉండే ఉంటుంది.

బీరుని పులియబెట్టే ఈస్టు పని పూర్తి కాకముందే ట్యాంకుని చల్లబెడితే ఇలా అవుతుందట, వేడి తగిలితే ఆ దాగిన వాసన బయటపడుతుందట. ఇంకో నాలుగు రోజులు ట్యాంకుని వెచ్చగా ఉంచితే ఆ వెన్నని ఈస్టే తినేస్తుంది. ఇప్పుడే పీపాల్లో పోస్తే అది అక్కడే ఉండిపోతుంది, రోజురోజుకీ పెరుగుతుంది.

సెల్వంగారికి మునిరత్నం ఫోన్ చేశాడు. అవతలి గొంతు మాకందరికీ వినబడుతోంది. కాసేపు తమిళం నడిచింది. చివరికి ఫోన్ నా చేతికొచ్చింది.

"సార్, మీరే కదా బాగుందన్నారు! మీలాంటి తాగేవాళ్ళకే తెలియలేదంటే ఇంకెవరికి తెలుస్తుంది?"

"నేను పొరబడ్డాను" అన్నాను. ఆ మాట అనడానికి ఒక్క క్షణం పట్టింది. "నేను తాగింది చల్లటి బీరు. దానికన్నా ముందు, నేను బాగుంటుందని అనుకునే వచ్చాను. ఇప్పుడు గ్లాసు నా చేతిలోనే ఉంది. వెన్న వాసన కొడుతోంది. ఇది మా వీధి బార్‌లో పోస్తే రెండోసారి అడగను."

 "అక్కకి ఫోన్ ఇవ్వండి" అన్నారాయన. ధనభాగ్యం తీసుకుని, "నాలుగు దినాలు మొదలాళీ. ఈలోపల నా ముక్కు గూడా తెరుచుకుంటుంది" అంది. అంతే. లారీకి వేరే ట్యాంకు సరుకు కుదిర్చారు.

నా ముఖం చిన్నబోయిందని ఆమె గమనించినట్టుంది. చల్లపెట్టె నుంచి పోయిన నెల బీరు ఒక సీసా తెచ్చి, నాకు ఒక గ్లాసులో పోసి, ఇందాకటి దాని పక్కన పెట్టింది.

"ఇది కొంజెం, అది కొంజెం తాగండన్నా. మాటలొద్దు."

తాగాను. మాటలు వెతుక్కోకుండా తాగడం నాకు అదే మొదలు. మంచిదానిలో చేదు శుభ్రంగా వచ్చింది, అంచులు తెలుస్తూ. నాలుక మీద నిలబడింది. పోతూ పోతూ నోరంతా ఖాళీ చేసి, ఆ ఖాళీలో చిన్న తీపి వదిలింది. మునిరత్నం చెప్పిన నాలుగో వాసన కూడా అప్పుడు తగిలింది. పచ్చి పసుపుకొమ్ము విరిచినట్టు. పక్క గ్లాసులో అదే చేదు ఒక దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది. ఇన్నేళ్ళూ శనివారాలు నేను తాగింది ఎక్కువగా నా మాటల్నేనని అర్థమైంది.

తిరువళ్ళూరు ప్లాట్‌ఫాం

సాయంత్రం నన్ను బండెక్కించడానికి ఇద్దరూ స్టేషన్‌కి వచ్చారు. ఫ్యాక్టరీల నుంచి ఇళ్ళకి పోయే జనంతో ప్లాట్‌ఫాం నిండిపోయింది. టిఫిన్ క్యారియర్లు, మెడలో గుర్తింపు కార్డులు, ఒక మాట తమిళం, ఒక మాట తెలుగు. మునిరత్నం టీ తేవడానికి వెళ్ళాడు. ధనభాగ్యమూ నేనూ బెంచీ మీద కూర్చున్నాం.

రెండు రోజులుగా అడగాలనుకుంటున్నది అడిగాను. "ఆ తాగుడు వల్ల ఇన్ని పడ్డారు కదమ్మా. మళ్ళీ దాన్నే నోట్లో పోసుకోవడం కష్టంగా లేదా?"

"మొదట్లో వాంతి చేసుకున్నా అన్నా" అంది. "ఆయప్పకు దీనంత బాగా తెలిసిన పని ఇంకోటి లేదు. నేను తాగకుంటే ఆయప్ప తాగాల్సొస్తుంది. అందుకని తాగినా."

ఆగి, టీకొట్టు వైపు చూసింది. మునిరత్నం వరసలో ఉన్నాడు.

"ఇప్పుడు కష్టం వేరే ఉండాది. ఇప్పుడు నాకు అది బాగుంటుందన్నా. రెండు గుక్కలు తాగి లోటా కింద పెడతా చూడండి, మూడోది ఆపుకోను మనసు ఎంత పెనుగులాడుతుందో నాకే తెలుసు. ఆయప్ప తాగే దినాల్లో ఎన్ని తిట్లు తిట్టినా! గ్లాసు కింద పెట్టలేవా, నీకు చెయ్యి లేదా అని. పెట్టడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తా ఉండాది." గొంతు తగ్గించింది. "ఈ మాట ఆయప్పతో చెప్పలేదు. చెప్తే ఏమనుకుంటాడో అని భయం. మీరు చెప్పొద్దండి."

చెప్పనన్నాను. మునిరత్నం మూడు కాగితపు కప్పులు వేళ్ళ సందున పట్టుకుని వచ్చాడు. బండి వచ్చేదాకా వాన గురించి మాట్లాడుకున్నాం.

ఇంటికొచ్చి ఇదంతా రాస్తూ, ఆ బెంచీ దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది. మాటిచ్చాను కదా. వారం తర్వాత ఆమెకే ఫోన్ చేశాను. ట్యాంకు సంగతి ముందు చెప్పింది. అయిదో రోజు ముక్కు తెరుచుకుందట, జారడం పోయిందట, పీపాలు బెంగుళూరు దారిలో ఉన్నాయట. తర్వాత మెల్లగా, ప్లాట్‌ఫాం మీద చెప్పినది రాయొచ్చా, వదిలెయ్యమంటారా అని అడిగాను.

"రాసుకోండన్నా. ఆయప్పకు నేనే చెప్పేసినా" అంది. "ఆ ట్యాంకు రుచి చూసినంక, ఇద్దరం ఆటో కోసరం నిలబడుండాము. అప్పుడు చెప్పేసినా."

"ఏమన్నాడు?"

"రెండు ఆటోలు పోయినాయి, చెయ్యి ఎత్తలే. ఆ తర్వాత, ఎట్లుంటుందో చెప్పు అన్నాడు. చెప్పినా గదయ్యా, ట్యాంకు బాగుండాదని అన్నా. ట్యాంకు కోసరం కాదు, ఊరికే చెప్పు, నాకు చెప్పు అన్నాడు."

"చెప్పారా?"

"మొత్తం చెప్పినానన్నా. ఆ రోడ్డు పక్కనే, మొదట్నుంచి కడాదాకా. కండ్లు మూసుకోని విన్నాడు."